అంతియొకయలో పేతురు బల్ల దగ్గర నుంచి ఎందుకు లేచాడు

పేతురుకు వాక్యం తెలియక కాదు. యొప్పేలో మిద్దె మీద ప్రార్థన చేసుకుంటూ, యూదులు తినకూడదనుకునే జంతువులతో ఆకాశం నుంచి దిగివచ్చిన దుప్పటి దర్శనం చూసింది అతనే. కైసరయలో శతాధిపతి కొర్నేలీ గడప దాటి, ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని దేవుడు తనకు చూపించాడని చెప్పిందీ అతనే. యెరూషలేముకు తిరిగి వచ్చాక "సున్నతి లేనివాళ్లతో కూర్చుని తిన్నావట కదా" అని తనవాళ్లే నిలదీస్తే, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి ఒప్పించిందీ అతనే. అలాంటి మనిషి అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటూ ఉన్నవాడు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి మెల్లగా లేచి పక్కకు తప్పుకున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులు లేచారు. చివరికి పౌలు తోటి పనివాడు బర్నబా కూడా లేచాడు.

గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు దీనికి ఒకే ఒక్క కారణం చెబుతాడు. "సున్నతి పొందినవారికి భయపడి" అని. సిద్ధాంతం మారిందని అనలేదు, కొత్త వెలుగు దొరికిందనీ అనలేదు. నిన్న నమ్మిందే ఇవాళా నమ్ముతున్నాడు, కూర్చున్న చోటు మాత్రం మారింది. అందుకే పౌలు దాన్ని వేషధారణ అన్నాడు.

సంఘాల్లో వచ్చే తగాదాలను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న ఘటనకు మించిన తాళంచెవి దొరకడం కష్టం. స్త్రీలు ప్రసంగపీఠం ఎక్కవచ్చా, విడాకులు తీసుకున్నవారు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, స్వలింగ సంబంధాల గురించి సంఘం ఏం బోధించాలి, ఆదికాండంలోని ఆరు దినాలను ఎలా చదవాలి, భాషల వరం నేటికీ ఉందా, విశ్వాసి ఏ రాజకీయ పక్షాన నిలబడాలి... ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. ప్రతిదానికీ వాక్యంలోంచి జవాబు వెతకాల్సిందే. కానీ చాలాచోట్ల ఆ వెతుకులాట మొదలయ్యేలోపే ఎవరు ఎవరితో కూర్చోవాలో తేలిపోయి ఉంటుంది. బైబిలు తెరవడం ఆ తర్వాతి పని, అప్పటికే లేచి నిలబడ్డవాళ్లు తాము ఎందుకు లేచామో చెప్పుకోవడానికి.

భయం పనిచేస్తోందని గుర్తుపట్టడానికి అరుపులు, కోపం కొలతలు కావు. నింపాదిగా మాట్లాడేవాళ్లలోనూ అది ఉంటుంది. దాని అసలు జాడ ప్రశ్న మారిపోవడంలో దొరుకుతుంది. "ఇది నిజమా?" అన్న ప్రశ్న ఎప్పుడు పక్కకు జరిగిందో తెలియకుండానే "దీన్ని ఒప్పుకుంటే మన గతేమిటి?" అన్నది ఆ చోట కూర్చుంటుంది. యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో లాజరు బతికి లేచాక యూదుల మహాసభ కూడిన తీరు చూడండి. చనిపోయినవాడు నిజంగా లేచాడా అని అక్కడ ఎవరూ అడగరు. యేసు ఎన్నో సూచక క్రియలు చేస్తున్నాడని వాళ్లే ఒప్పుకుంటారు. వాళ్ల దిగులు వేరు. ఆయన్ను ఇలాగే వదిలేస్తే అందరూ ఆయన వెంటే పోతారు, రోమీయులు వచ్చి మన స్థలాన్నీ మన జనాన్నీ లాక్కుంటారు. ప్రధాన యాజకుడు కయప వేసిన లెక్క అక్కడి నుంచే పుట్టింది: జనమంతా నశించడం కంటే ఒక్కడు చావడం మేలు. ఆ లెక్క ప్రకారం ఒక్కడు చచ్చాడు. అయినా క్రీ.శ. 70లో రోమీయులు రానే వచ్చారు, వాళ్లు కాపాడుకోవాలనుకున్న స్థలం కూలనే కూలింది.

"ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు దేనికైనా ఒప్పుకోవాల్సి వస్తుంది" అనే మాట ఏ సంఘ కమిటీలోనైనా వినిపిస్తుంది. ఒక్కోసారి ఆ హెచ్చరిక సరైనదే కావచ్చు. చిక్కల్లా, ఆ మాట తర్వాత ఎదుటి మనిషి మనిషిగా కనబడడు. రాబోయే వరదకు మొదటి చుక్కగా కనబడతాడు.

ఇది పాతపద్ధతి వాళ్ల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. యోహాను సువార్తే ఇంకో రకం భయాన్నీ చూపిస్తుంది. పుట్టుగుడ్డివాడి తల్లిదండ్రులు "వాడు పెద్దవాడే, వాణ్నే అడగండి" అని తప్పించుకున్నారు, సమాజమందిరం నుంచి వెలివేస్తారని. అధికారుల్లో చాలామంది యేసును నమ్మి కూడా పైకి చెప్పలేదు, కారణం అదే. మార్పు కోరే గుంపుల్లోనూ ఈ నోటికి తాళం ఉంటుంది. అక్కడ వెలికి పేరు వేరు, అంతే. ఛాందసుడు అనిపించుకుంటానేమో, చదువుకున్న స్నేహితుల ముందు తలదించుకోవాలేమో అని తనకు నిజమనిపించిన మాటను మింగేసే విశ్వాసి, పేతురు లేచిన బల్ల దగ్గర నుంచే అవతలి దిక్కుకు లేచాడు.

ఇంతకీ భయానికి వేరు ఎక్కడుంది? "ప్రేమలో భయముండదు... పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును, భయము దండనతో కూడినది" అని 1 యోహాను 4:18 చెబుతుంది. ఈ వచనాన్ని ఏ ఆపదకైనా ధైర్యం చెప్పే మాటగా వాడుకోవడం అలవాటైంది గానీ, దానికి ముందు వచనం మాట్లాడుతున్నది తీర్పుదినం గురించి. ఆ రోజు దేవుని ముందు ధైర్యంగా నిలబడగలమా అన్నది అక్కడి సందర్భం. "దండన" అనే ముక్క అందుకే కీలకం. దేవుడు కర్ర పట్టుకుని తప్పు కోసం కాచుకున్నాడని లోలోపల నమ్మేవాడు, పక్కవాడి తప్పు తన మీదికి వస్తుందని వణుకుతాడు. తాను ఆ తప్పులో లేనని రుజువు చేసుకోవాలి, అదీ అందరికీ వినబడేలా. అందుకు దగ్గరి దారి పక్కవాణ్ని తానే ముందుగా దండించడం. దండనకు భయపడేవాడే దండించేవాడవుతాడు.

యెహోషువ 22వ అధ్యాయంలో ఈ యంత్రం విడిభాగాలతో సహా కనిపిస్తుంది. కనాను యుద్ధాలు ముగిశాక రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను అవతలి తమ స్వాస్థ్యానికి తిరిగి వెళ్తూ నది దగ్గర ఒక పెద్ద బలిపీఠం కట్టారు. కబురు తెలియగానే మిగతా ఇశ్రాయేలు షిలోహులో యుద్ధానికి కూడింది. ఆ ఆవేశం వెనక లెక్కలున్నాయి. ఆకాను ఒక్కడు దొంగతనం చేస్తే హాయి దగ్గర 36 మంది చచ్చారు. పెయోరులో విగ్రహపూజకు దిగినందుకు తెగులు వచ్చి 24,000 మంది పోయారు. ఇవాళ మీరు తిరగబడితే రేపు దేవుని కోపం సమాజమంతటి మీదా పడుతుంది అన్నది వాళ్ల వాదన. వినడానికి భక్తిలాగే ఉంది. నిజానికి ఎంతో కొంత భక్తే.

అయితే సైన్యం కదలకముందు వాళ్లు మనుషుల్ని పంపారు. యాజకుడు ఫీనెహాసు, అతనితో పాటు గోత్రానికొకరు చొప్పున పదిమంది ప్రధానులు. ఫీనెహాసు మెతక మనిషని ఎవరూ అనలేరు, పెయోరు వ్యవహారంలో ఈటె పట్టి తప్పుచేసినవాళ్లను పొడిచినవాడు అతనే. వెళ్లినవాళ్లు నేరుగా నిందించారు. ఆ నింద తప్పని తర్వాత తేలింది కూడా. కానీ నింద మధ్యలో ఒక మాట ఉంది. మీ స్వాస్థ్యం అపవిత్రమని మీకు తోస్తే నది దాటి ఇవతలికి రండి, మా మధ్య మీరూ స్వాస్థ్యం తీసుకోండి. అంతకుముందే చీట్లు వేసి పంచుకున్న భూమి అది! మిమ్మల్ని పోగొట్టుకోవడం కంటే మా వాటా తగ్గినా పర్వాలేదని దాని అర్థం. సహవాసం కోసం ఎకరం వదులుకోవడానికి సిద్ధపడ్డవాడి మందలింపుకూ, ఏమీ వదులుకోనివాడి మందలింపుకూ చాలా తేడా ఉంటుంది.

అవతలివాళ్ల జవాబు ఇంకా ఆశ్చర్యం. ఇది బలుల కోసం కట్టింది కాదు అన్నారు. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, "యొర్దాను మనకు సరిహద్దు, యెహోవాలో మీకు పాలు లేదు" అంటారేమోనని భయపడి కట్టామన్నారు. అంటే రెండు ఒడ్డుల మీదా భయమే. ఈ ఒడ్డున దేవుడు దండిస్తాడని, ఆ ఒడ్డున తోబుట్టువులు వెలివేస్తారని. ఇప్పటి సంఘ వివాదాల్ని ఏ వైపు నుంచి చూసినా ఈ రెండు ఒడ్డులే కనిపిస్తాయి. ఒక పక్షం రాజీపడితే దేవునికి ఏం జవాబు చెప్పాలి అంటుంది. మరో పక్షం మాకు ఇక్కడ చోటుందా అంటుంది. ఒకరి భయం ఇంకొకరికి దాడిలా కనబడుతుంది. ఫీనెహాసు అడగకుండా ఉంటే ఆ రోజు ఒకరి భయాన్ని ఇంకొకరు తెలుసుకునేది శవాల మధ్యనే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. దేవునికి భయపడమని వాక్యమే చెబుతోంది కదా, మరి ప్రేమ భయాన్ని వెళ్లగొడితే భక్తి ఏమవుతుంది? తెలుగు బైబిలు అనువాదకులు ఈ ముడిని ఒక జంటపదంతో చాలావరకు విప్పేశారు. సామెతల గ్రంథంలో "యెహోవాయందు భయభక్తులు" అంటారు, యోహాను పత్రికలో ఉత్త "భయము" అంటారు. భక్తి చేయి పట్టుకున్న భయం ఒకటి, దండన చేయి పట్టుకున్న భయం మరొకటి. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ సుమారు 407లో యోహాను మొదటి పత్రిక మీద చేసిన ప్రసంగాల్లో ఇదే తేడాను ఇద్దరు భార్యల పోలికతో చెప్పాడు. ఒకామెకు భర్త వచ్చేస్తాడేమోనని భయం, ఇంకొకామెకు భర్త వెళ్లిపోతాడేమోనని భయం. అదే ప్రసంగంలో సూది, దారం ఉపమానం కూడా ఉంది. బట్టలోకి ముందు సూది దూరుతుంది, కానీ సూది బయటికి వస్తేనే దారం లోపలికి వస్తుంది. భయం ప్రేమను లోపలికి తెచ్చే సూది, అక్కడే ఉండిపోవడానికి వచ్చింది కాదు.

ఇంత చక్కగా చెప్పిన మనిషే ఆ రోజుల్లో సూదిని లోపలే ఉంచేశాడు. ఆఫ్రికా సంఘాన్ని చీల్చిన డొనాటిస్టులను వాదనతోనే గెలవాలని, బలవంతం కూడదని అగస్టీన్ మొదట్లో నమ్మాడు. 405లో చక్రవర్తి హొనోరియస్ వాళ్లకు వ్యతిరేకంగా శాసనం చేశాక ఫలితాలు చూసి మనసు మార్చుకున్నాడు. చక్రవర్తి చట్టాల భయంతో తన సొంత ఊరే ఐక్యతలోకి వచ్చిందని సుమారు 408లో ఒక లేఖలో రాశాడు. విందు ఉపమానంలోని "బలవంతము చేయుము" అనే మాటను అందుకు ఆధారం చేసుకున్నాడు. డొనాటిస్టుల్లో హింసకు దిగిన గుంపులున్నాయన్నదీ, మరణశిక్షను అగస్టీన్ చివరిదాకా వ్యతిరేకించాడన్నదీ మరిచిపోకూడదు. అయినా జరిగింది జరిగింది. "ప్రేమించు, ఆపైన నీకు నచ్చింది చెయ్యి" అన్న అతని ప్రసిద్ధ వాక్యం కూడా ఆ ప్రసంగాల్లోదే, తండ్రి కొట్టే దెబ్బలోనూ ప్రేమ ఉండవచ్చు అనే వాదన మధ్యలో వచ్చింది. ప్రేమ పేరు చెప్పుకున్నంత మాత్రాన భయం వెళ్లిపోదు. కొన్నిసార్లు ఆ పేరుతోనే ఇంట్లో ఉండిపోతుంది. తర్వాతి శతాబ్దాల్లో బలవంతాన్ని సమర్థించుకున్నవారికి ఆ లేఖలు పెద్ద ఆధారమయ్యాయి.

1553 అక్టోబరు 27న జెనీవాలో మైకేల్ సెర్వెటస్‌ను త్రిత్వాన్ని నిరాకరించినందుకు కాల్చి చంపినప్పుడు, ఆ శిక్షను వ్యతిరేకించిన పండితుడు సెబాస్టియన్ కస్తెల్లియో అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. మనిషిని చంపితే మనిషిని చంపినట్టే, సిద్ధాంతాన్ని కాపాడినట్టు ఎలా అవుతుంది?

మంటలు ఆరిపోయాయి. భయం మర్యాదగా మాట్లాడడం నేర్చుకుంది. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో డచ్ రిఫార్మ్డ్ సంఘపు మహాసభ 1829లో, ప్రభువు బల్లలో రంగు భేదం లేకుండా అందరూ కలిసి పాలుపొందాలని నిర్ణయించింది. అది దేవుని వాక్యం మీద నిలిచిన మార్చరాని సూత్రమని కూడా చెప్పింది. 1857లో అదే సంఘపు మహాసభ మళ్లీ కూడి, కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, "కొందరి బలహీనత వల్ల" వేరుగా కూడుకోవడానికి అనుమతి ఇచ్చింది. పక్కన నల్లజాతివాడు కూర్చుంటే తెల్లవాళ్లలో కొందరు ఇబ్బందిపడుతున్నారు, వాళ్ల మనసు నొప్పించడం దేనికి అన్నది భావం. ద్వేషపు మాట ఒక్కటీ లేదు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు "బలహీనుల" పట్ల చూపమన్న ఓర్పును తెచ్చి బలవంతులకు కప్పారు. 1881కల్లా తెల్లవారు కానివారికి వేరు మిషన్ సంఘమే ఏర్పడింది. 1948లో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమయ్యే నాటికి, అందుకు దారి చూపిన వేరు బల్లలు తొంభై ఏళ్ల పాతవి. అంతియొకయలో పేతురు చేసింది కూడా ఇంతే కదా, వచ్చినవాళ్లు ఏమంటారోనని లేచాడు.

అందుకని ప్రేమ అంటే ఎవరినీ నొప్పించకపోవడం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ లేఖ రాసింది శత్రువులకు కాదు, నల్లవారి హక్కుల పోరాటంలో తొందరపడవద్దని హితవు చెప్పిన ఎనిమిదిమంది మతపెద్దలకు. ఘర్షణ లేకపోవడాన్నే శాంతి అనుకునేవాళ్లు తనను తీవ్రంగా నిరాశపరిచారని అందులో వాపోయాడు. సంఘంలో గొడవ వద్దు అని మూసేసిన చర్చల్లో సగం ప్రేమతో మూసినవి కావు. మూత తీస్తే ఏం బయటపడుతుందోనని మూసినవి.

భయం పోయాక గట్టి మాట ఎలా ఉంటుందో కూడా దక్షిణాఫ్రికాలోనే కనబడుతుంది. 1881లో వేరుచేయబడ్డ ఆ మిషన్ సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రకటనను సిద్ధం చేసి 1986లో ఆమోదించింది. మనుషుల్ని చర్మపు రంగును బట్టి విడదీసే బోధను సువార్తకే విరుద్ధమని తోసిపుచ్చింది. అందులో మెతకదనం ఏమీ లేదు. కానీ దానికి జతచేసిన లేఖ చదవాలి. ఇది ఏ వ్యక్తులకో, ఏ సంఘానికో గురిపెట్టింది కాదు, అబద్ధ బోధకు వ్యతిరేకం అంటుంది. ఇలా ప్రకటించడం రెండంచుల కత్తి అని తెలుసు అంటుంది. మాలో ఎవరూ మొదటి రాయి వేయగలవాళ్లం కాము, మా కంటిలోనూ దూలం ఉంది అంటుంది. నూరేళ్లపాటు పక్క గదికి నెట్టబడినవాళ్లు రాసిన మాటలివి. తీర్పుదినం గురించి ధైర్యం ఉన్నవాడే తన కంటిలోని దూలాన్ని ఒప్పుకోగలడు, ఆ ఒప్పుకోలు తన వాదనను బలహీనపరుస్తుందన్న బెంగ అతనికి ఉండదు.

మరి ఎక్కడ వంగాలి, ఎక్కడ నిలబడాలి? దీనికి సూత్రం కావాలనుకునేవాళ్లకు పౌలు నిరాశే మిగులుస్తాడు. తన సహచరుల్లో తిమోతికి సున్నతి చేయించాడు, తీతుకు చేయించనివ్వలేదు. పైకి చూస్తే పొంతన లేదు. తిమోతి విషయంలో యూదులకు దగ్గరవడానికి అడ్డు తొలగించాడు, తీతు విషయంలో సున్నతి లేనిదే సహోదరుడు కాదనే బలవంతాన్ని ఎదిరించాడు. రెండింట్లోనూ చూసింది ఒకటే: ఈ పనితో బల్ల పెద్దదవుతుందా, చిన్నదవుతుందా. విగ్రహాలకు అర్పించిన మాంసం తినే విషయంలోనూ అంతే. విగ్రహం వట్టిదే, తినవచ్చు అన్న జ్ఞానం సరైనదేనని 1 కొరింథీయులకు 8లో ఒప్పుకున్నాడు, ఒప్పుకుని "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అన్నాడు. సరైన జవాబు చేతిలో ఉండి కూడా సహోదరుణ్ని పడగొట్టవచ్చని అతనికి తెలుసు.

ఆచరణలో ఇది చాలా మామూలు పనుల్లోకి దిగుతుంది. ఒక మనిషి గురించి పదిమందితో మాట్లాడేముందు ఆ మనిషితో మాట్లాడడం, మత్తయి 18లో యేసు చెప్పిన "నీవును అతడును ఒంటరిగా" అనే మొదటి మెట్టు, అన్నిటికంటే ఎక్కువగా దాటేసే మెట్టు కూడా అదే. ఎదుటివారి వాదనను వాళ్లు "అవును, నేను అన్నది ఇదే" అని ఒప్పుకునేలా తిరిగి చెప్పగలగడం. వాదన వేడెక్కినప్పుడు "ఇందులో నేను దేనికి భయపడుతున్నాను?" అని తనను తాను అడుగుకోవడం. జవాబు సత్యం పోతుందని వస్తే ఒక సంగతి, తన పేరు పోతుందని, పదవి పోతుందని, పిల్లలు చేజారిపోతారని వస్తే మరో సంగతి. పిల్లల గురించిన భయం కొట్టిపారేయదగ్గది కాదు, యొర్దాను అవతలివాళ్లది అదే భయం. కానీ దాన్ని దాని పేరుతో పిలిస్తే మాట్లాడుకోవచ్చు. సిద్ధాంతం వేషం వేసి తెస్తే దానితో పోట్లాడడం తప్ప దారి లేదు.

పౌలు అందరి ముందూ నిలదీశాక పేతురు ఏమన్నాడో గలతీయుల పత్రికలో లేదు. తిరిగి వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడో లేదో ఎక్కడా రాసి లేదు. తాను భయపడ్డ సంగతి సంఘాల్లో బాహాటంగా చదవబడే పత్రికకు ఎక్కిపోయింది. పేతురు పేరుతో ఉన్న రెండో పత్రిక చివర్లో పౌలు ప్రస్తావన ఒక్కసారి వస్తుంది. అతని పత్రికల్లో కొన్ని సంగతులు గ్రహించడం కష్టమని అందులో ఉంది. ఆ మాటకు ముందు అతన్ని పిలిచిన పిలుపు, "మన ప్రియ సహోదరుడైన పౌలు".